లెక్క 483 నుంచి మొదలు

వడ్రంగి పనిలోనే జీవితం గడిపిన జర్మన్ ఒకాయన యాభై మూడేళ్ల వయసులో ఉన్నదంతా వదిలేసి, భార్యాపిల్లలతో అమెరికా ఓడ ఎక్కాడు. ఆయన పేరు మీద న్యూయార్క్‌లో ఇప్పుడు ఒక వీధి ఉంది, ఓ రైల్వే స్టేషన్ ఉంది, నది కింద సొరంగం ఉంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద సంగీత వేదికల మీద ఆ పేరే బంగారు అక్షరాల్లో మెరుస్తుంటుంది. ఇంత సాధించిన ఆ కుటుంబం ఏం పోగొట్టుకుంది? ఆ కథ తెలియాలంటే క్వీన్స్ ప్రాంతంలోని ఆస్టోరియా వీధుల్లో కాసేపు తిరగాలి.

న్యూయార్క్‌లో లాగార్డియా విమానాశ్రయంలో దిగే మనవాళ్లకు క్వీన్స్ కొత్త కాదు. ఆ విమానాశ్రయానికి పక్కనే ఉంటుంది ఆస్టోరియా. మెట్రో దిగి మెట్లెక్కి పైకి వస్తే ఎదురుగా బోర్డు... స్టైన్‌వే స్ట్రీట్. అటూ ఇటూ బట్టల దుకాణాలు, సెల్‌ఫోన్ షాపులు, బ్యాంకులు. కొంచెం ముందుకు నడిస్తే హుక్కా పొగ, కబాబుల వాసన, అరబిక్‌లో రాసిన బోర్డులు. అందుకే ఆ ముక్కకు 'లిటిల్ ఈజిప్ట్' అని పేరొచ్చింది. ఇక్కడ జర్మన్ మాట వినిపించదు. కానీ అదే దారిలో ఉత్తరానికి వెళ్లి, ఇళ్లన్నీ దాటి, నీటి ఒడ్డు దగ్గరపడే చోట ఎర్ర ఇటుకల కర్మాగారం ఒకటి కనిపిస్తుంది. లోపల చెక్క పొట్టు వాసన. జిగురు వాసన. నూట యాభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఆ వాసనే. అది స్టైన్‌వే అండ్ సన్స్ పియానోల ఫ్యాక్టరీ.

వంటింట్లో పుట్టిన పియానో

హైన్రిష్ ఎంగెల్‌హార్ట్ స్టైన్‌వేగ్ 1797లో జర్మనీలోని హార్జ్ కొండల మధ్య వోల్ఫ్స్‌హాగెన్ అనే పల్లెలో పుట్టాడు. జర్మన్‌లో 'స్టైన్' అంటే రాయి, 'వేగ్' అంటే దారి. ఇంటిపేరు రాతిబాట! బతుకూ అలాగే మొదలైంది. ఆయన చిన్నతనమంతా నెపోలియన్ యుద్ధాల కాలం. అడవిలో పిడుగు పడి తండ్రీ, అన్నలూ పోయారనీ, కుర్రాడు ఒక్కడే మిగిలాడనీ ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకునే కథ. తర్వాత సైన్యం, ఆపైన చెక్క పని. అల్మరాలూ బల్లలూ చేసే చేతులకు సంగీతం మీద మోజు పట్టుకుంది.

జేసెన్ అనే చిన్న ఊళ్లో స్థిరపడి, 1825లో జూలియానెను పెళ్లి చేసుకున్నాడు. పగలు కుర్చీలు, బీరువాలు. తీరిక దొరికినప్పుడల్లా తీగలు, మీటలు. 1836లో తన ఇంటి వంటగదిలోనే మొట్టమొదటి గ్రాండ్ పియానో తయారు చేశాడు. దానికి 'వంటింటి పియానో' అనే పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో పియానో చేయడమంటే మాటలు కాదు. పొయ్యి ఉండేదీ, పిల్లలు తిరిగేదీ ఆ గదిలోనే. జూలియానె ఓర్పు లేకపోతే ఆ వాయిద్యం బయటికొచ్చేదే కాదేమో!

మూడేళ్లు తిరిగేసరికి, 1839లో, బ్రౌన్‌ష్వైగ్ ప్రదర్శనకు మూడు పియానోలు తీసుకెళ్లి బంగారు పతకం తెచ్చుకున్నాడు. పేరు వచ్చింది. బేరాలు మాత్రం ఆశించినంత పెరగలేదు. అప్పట్లో జర్మనీ ఒక్క దేశం కాదు. చిన్న చిన్న రాజ్యాలు, వాటి మధ్య సుంకాల గేట్లు. ఒక రాజ్యంలో చేసిన సరుకు పక్క రాజ్యంలో అమ్మాలంటే పన్ను కట్టాలి. దీనికితోడు 1848లో యూరప్ అంతా తిరుగుబాట్లు చెలరేగాయి. అవి అణగారిపోయాక వేలమంది జర్మన్లు అమెరికా దారి పట్టారు.

ఓడెక్కిన సంసారం

ముందు వెళ్లింది కొడుకు చార్లెస్. 1849లో న్యూయార్క్ చేరి పరిస్థితి చూశాడు. పని ఉంది, రండి అని కబురు. మరుసటి ఏడాది హైన్రిష్ దుకాణాన్ని పెద్దకొడుకు థియోడోర్‌కు అప్పగించాడు. 'హెలెనె స్లోమన్' అనే ఆవిరి ఓడలో, భార్యనూ మిగతా పిల్లలనూ వెంటబెట్టుకుని హాంబర్గ్ నుంచి బయలుదేరాడు. 1850 జూన్ చివర్లో న్యూయార్క్ రేవులో దిగారు. విలియంకు అప్పటికి పదిహేనేళ్లు. ఆల్బర్ట్‌కు పదేళ్లు. వీళ్లను క్షేమంగా దించిన ఆ ఓడ అదే ఏడాది నవంబరులో అట్లాంటిక్‌లో మునిగిపోయింది.

జేసెన్‌లో సొంత దుకాణం ఉన్న మేస్త్రి, పతకాలు గెలిచిన పనివాడు. న్యూయార్క్‌లో? కూలి! తండ్రీకొడుకులు వేరు వేరు పియానో కంపెనీల్లో వారానికి ఆరేడు డాలర్లకు పనికి కుదిరారు. పెద్దాయన వెంటనే సొంత కొట్టు పెట్టేయలేదు. ఆ ఊరి పద్ధతులేమిటి, చెక్క ఎక్కడ దొరుకుతుంది, ఎలాంటి పియానో అడుగుతున్నారు... మూడేళ్లపాటు ఇంటిల్లిపాదీ నేర్చుకున్నారు. ఇంట్లో జర్మన్, బయట ఇంగ్లీషు. వలస వెళ్లిన ఏ కుటుంబమైనా చేసే పనే.

మొదటిదానికి నంబరు 483!

1853 మార్చి 5న మన్‌హాటన్‌లోని వారిక్ స్ట్రీట్‌లో, ఒక ఇంటి వెనక భాగంలో 'స్టైన్‌వే అండ్ సన్స్' మొదలైంది. అమెరికన్ నోటికి తిరగని స్టైన్‌వేగ్ కాస్తా స్టైన్‌వే అయింది. చట్ట ప్రకారం పేరు మార్చుకున్నది మాత్రం 1864లో.

కొత్త కంపెనీ అమ్మిన మొదటి పియానోను న్యూయార్క్‌కు చెందిన గ్రిస్‌వోల్డ్ కుటుంబం 500 డాలర్లకు కొనుక్కుంది. దాని మీద నంబరు ఒకటి కాదు... 483. ఎందుకంటే జర్మనీలో హైన్రిష్ అప్పటికే 482 పియానోలు చేశాడు. దేశం మారింది, పేరు మారింది, లెక్క మాత్రం మారలేదు. వంటింట్లో మొదలైన లెక్కనే సముద్రం దాటించి కొనసాగించాడు. ఓడలో సామాన్లతోపాటు తెచ్చుకున్న ఆస్తి అదే కాబోలు!

ఆ కంపెనీలో కొడుకులు మాత్రమే కాదు, కూతురు డోరెట్టా కూడా ఉంది. పియానో కొందామని వచ్చి, వాయించడం రాదే అని వెనకాడే వాళ్లకు 'పాఠాలు నేను ఉచితంగా చెబుతా' అని మాటిచ్చి బేరం కుదిర్చేదని చెబుతారు. బోర్డు మీద మాత్రం 'సన్స్' అనే ఉంది. డోరెట్టా పేరుకు అందులో చోటు లేదు.

తీగ మీదుగా తీగ

1855లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ప్రదర్శనలో స్టైన్‌వేలకు బంగారు పతకం వచ్చింది. అంతమంది పియానో తయారీదార్ల మధ్య రెండేళ్ల కంపెనీకి ఇది ఎలా సాధ్యమైంది?

పియానోలో ఒక్కో మెట్టు నొక్కితే ఒక్కో సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. తీగ కంపనాన్ని కింద ఉన్న పలుచటి చెక్క పలక పెద్దది చేసి వినిపిస్తుంది. తీగలు ఎంత బిగిస్తే నాదం అంత గట్టిగా ఉంటుంది. అన్ని తీగల లాగుడూ కలిస్తే పెద్ద పియానోలో దాదాపు ఇరవై టన్నులు! చెక్క చట్రం దాన్ని ఎన్నాళ్లో తట్టుకోలేదు. వంగిపోతుంది, శ్రుతి తప్పుతుంది. అందుకని పోత ఇనుముతో చట్రం వాడటం అమెరికాలో అప్పటికే మొదలైంది. స్టైన్‌వేలు దానికి ఇంకో కిటుకు జోడించారు. మంద్ర స్థాయి తీగలను మిగతా తీగల మీదుగా ఏటవాలుగా అడ్డంగా బిగించారు. దాంతో అదే పెట్టెలో పొడవాటి తీగలు పట్టాయి. నాదం పలికే చోటు పలక అంచున కాకుండా మధ్యకు జరిగింది. శబ్దానికి గాంభీర్యం వచ్చింది. ఈ పద్ధతిని గ్రాండ్ పియానోకు అమర్చినందుకు చిన్న హెన్రీకి 1859లో పేటెంట్ దక్కింది. ఇవాళ ఎక్కడ ఏ గ్రాండ్ పియానో మూత ఎత్తి చూసినా తీగలు ఇలాగే ఒకదాని మీదుగా ఒకటి కనిపిస్తాయి.

1860కల్లా పార్క్ అవెన్యూలో ఫ్యాక్టరీ వెలిసింది. ఇప్పుడు సీగ్రమ్ బిల్డింగ్ ఉన్న స్థలమది. 350 మంది పనివాళ్లు. ఏడాదికి 500 పియానోల నుంచి ఉత్పత్తి 1,800 దాకా పెరిగింది. కూలికి కుదిరిన పదేళ్లలో ఇంత!

ఒకే నెలలో ఇద్దరు కొడుకులు

ఈ కుటుంబం సంగతులు ఇంత వివరంగా తెలియడానికి కారణం విలియం డైరీ. 1861 ఏప్రిల్‌లో, పెళ్లికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి, 1896లో చనిపోవడానికి కొద్దిరోజుల ముందు వరకూ రాశాడు. ఇప్పుడది స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. అంతర్యుద్ధం, వ్యాపారం, పాటకచేరీలు, కీళ్ల నొప్పులు... అన్నీ అందులో ఉన్నాయి.

1863 జులైలో న్యూయార్క్‌లో సైనిక నిర్బంధ భర్తీకి వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగాయి. గుంపులు ఫ్యాక్టరీ ముందుకు వచ్చేశాయి. చార్లెస్ ఎదురెళ్లి, నచ్చజెప్పి, కొంత డబ్బు ముట్టజెప్పి పంపించాడు. ఫ్యాక్టరీ దక్కింది.

రెండేళ్ల తర్వాత వచ్చిన ఆపదను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. 1865 మార్చి 11న చిన్న హెన్రీ క్షయతో కన్నుమూశాడు. వయసు ముప్ఫై నాలుగే. అదే నెల 31న, అన్నను చూడటానికి జర్మనీ వెళ్లిన చార్లెస్ టైఫాయిడ్‌తో బ్రౌన్‌ష్వైగ్‌లో పోయాడు. అమెరికాకు దారి చూపించిన కొడుకు, పియానోకు కొత్త గొంతు ఇచ్చిన కొడుకు... ఇద్దరూ ఇరవై రోజుల తేడాతో లేకుండా పోయారు. అప్పటికి హైన్రిష్‌కు అరవై ఎనిమిదేళ్లు.

ఇక జర్మనీలో మిగిలిన థియోడోర్‌కు కబురు వెళ్లింది. ఆయనకు అక్కడ సొంత పియానో కంపెనీ ఉంది. సొంత ఊరంటే ప్రాణం. అయినా వ్యాపారం తన పనివాళ్లకు అమ్మేసి న్యూయార్క్ వచ్చాడు. ధ్వని శాస్త్రాన్ని చదివి పియానో తయారీకి అన్వయించింది ఆయనే. పలుచటి మేపుల్ చెక్క పొరలను జిగురుతో అంటించి, ఒకే ముక్కగా వంచి పియానో ఒళ్లు తయారుచేసే పద్ధతి ఆయన చలవే. మనసు మాత్రం అమెరికాలో నిలవలేదు. చివరికి బ్రౌన్‌ష్వైగ్ తిరిగెళ్లిపోయి 1889లో అక్కడే కన్నుమూశాడు. 1880లో హాంబర్గ్‌లో పెట్టిన రెండో ఫ్యాక్టరీ ఈ రోజుకీ నడుస్తోంది.

పెద్దాయన 1871 ఫిబ్రవరిలో పోయాడు. 1877లో ఆల్బర్ట్, అదే ఏడాది జూలియానె. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఆ కుటుంబం కోసం కట్టిన రాతి సమాధి మందిరం ఉంది. రాతిబాట ఇంటిపేరు వాళ్లకు అక్కడే విశ్రాంతి.

పనివాళ్ల కోసం ఊరు... యజమాని కోసం కూడా!

బాధ్యతంతా విలియం మీద పడింది. ఈయన పనివాడి కంటే వ్యాపారి ఎక్కువ. 1866లోనే ఫోర్టీన్త్ స్ట్రీట్‌లో రెండువేల మందికి పైగా కూర్చునే స్టైన్‌వే హాల్ తెరిపించాడు. 1891లో కార్నెగీ హాల్ వచ్చేదాకా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కచేరీలకు అదే నెలవు. టికెట్ కొన్నవాళ్లు షోరూమ్‌లోని పియానోల పక్కనుంచే లోపలికి వెళ్లేవారు. అదీ కిటుకు.

1870లో ఈస్ట్ నది అవతల క్వీన్స్‌లో నాలుగు వందల ఎకరాలు కొన్నాడు. ఇనుము పోత పోసే ఫౌండ్రీ, కోత మిల్లు కట్టించాడు. దుంగలు నీటి మీదుగా నేరుగా వచ్చేవి. వాటితోపాటు ఒక ఊరే లేపాడు. ఇటుకల ఇళ్లు, పోస్టాఫీసు, గ్రంథాలయం, చిన్నపిల్లల బడి, పార్కు, గుర్రపు ట్రాములు. బళ్లో జర్మన్ కూడా నేర్పేవారు. వీధులకు ఆల్బర్ట్, థియోడోర్ అంటూ ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టాడు.

అంత మంచి యజమానా? మంచితనం ఉంది. దాని వెనక లెక్కా ఉంది. మన్‌హాటన్‌లో పియానో కార్మికులు సంఘాలు కడుతున్నారు. ఎనిమిది గంటల పని కోసం 1872లో సమ్మె చేశారు. 1880లో మళ్లీ చేశారు. నగరంలోని సోషలిస్టుల ప్రభావానికి పనివాళ్లను దూరంగా ఉంచాలన్నదే ఊరు కట్టడంలో ఒక ఉద్దేశమని విలియమే చెప్పుకున్నాడు. ఆ పనివాళ్లలో చాలామంది ఈ కుటుంబంలాగే జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఒకే భాష, ఒకే పాటలు, ఒకే బీరు. 1850లో వారం జీతానికి చేయి చాచిన కుర్రాడే 1872లో జీతమిచ్చే వైపు నిలబడ్డాడు. ఇల్లూ, బడీ, ఉద్యోగం ఒకే చేతిలో ఉన్నప్పుడు సమ్మెకు దిగాలంటే కార్మికుడు ఇల్లాలి మొహం కూడా చూడాల్సి వస్తుంది. అయినా క్వీన్స్‌కు మారినంత మాత్రాన సమ్మెలు ఆగలేదు.

విలియం సొంత కాపురం కూడా సాఫీగా సాగలేదు. మొదటి భార్యతో 1876లో విడాకులయ్యాయి. ఆ బాధంతా డైరీలో ఉంది.

నది కింద ఆగిన కల

ఊరికి జనం రావాలంటే దారి కావాలి. విలియం ట్రాములు నడిపాడు. బీరు వ్యాపారి జార్జ్ ఎరెట్‌తో కలిసి 1886లో నీటి ఒడ్డున విహారకేంద్రం తెరిచాడు. ఊయలలు, బీరు తోటలు, ఆదివారమైతే జాతరే! లాగార్డియా విమానాశ్రయం ఉన్నది ఆ స్థలంలోనే. 1888లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్‌తో ఒప్పందం కుదుర్చుకుని, ఆయన ఇంజిన్లను క్వీన్స్‌లో తయారు చేయించాడు. అప్పటికి అమెరికా రోడ్ల మీద కార్ల జాడే లేదు.

అన్నిటికన్నా పెద్ద కల ఈస్ట్ నది కింద ట్రాము సొరంగం. 1892లో తవ్వకం మొదలైంది. ఆ డిసెంబరు 28న పేలుడు పదార్థాలు అంటుకుని ఐదుగురు చనిపోయారు. మరుసటి ఏడాది అమెరికాను ఆర్థిక సంక్షోభం ముంచెత్తింది. పని ఆగిపోయింది. 1896 నవంబరు 30న విలియం టైఫాయిడ్‌తో పోయాడు. చేయి పెట్టిన వ్యాపారాలన్నీ కలిసి వెనక అప్పులు మిగిల్చాయి. నిలబడింది పియానో ఒక్కటే.

సొరంగాన్ని తర్వాత వేరేవాళ్లు 1907లో పూర్తి చేశారు. 1915లో రైళ్లు తిరగడం మొదలైంది. మన్‌హాటన్ నుంచి క్వీన్స్‌కు నడిచే సెవెన్ నంబరు రైలు ఇవాళ్టికీ అందులోంచే వెళ్తుంది. కొత్తగా వలస వచ్చినవాళ్లతో కిటకిటలాడే రైలది. వాళ్ల కాళ్ల కింద ఉన్న దారి పేరు స్టైన్‌వే టన్నెల్.

ఇప్పుడు అక్కడ...

ఊరి ఆనవాళ్లు వెతికితే దొరుకుతాయి. పనివాళ్ల కోసం 1870ల్లో కట్టిన ఇటుకల ఇళ్ల వరస ట్వంటీయెత్ అవెన్యూ దగ్గర ఉంది. దాన్ని చారిత్రక ప్రాంతంగా 1974లో ప్రకటించారు, మరుసటి ఏడాదే రద్దు చేశారు. ఆల్బర్ట్ వీధి పేరు పోయి ఫార్టీఫస్ట్ స్ట్రీట్ అయింది. కొండ మీద విలియం వేసవుల్లో ఉన్న రాతి భవనం స్టైన్‌వేలు కట్టింది కాదు. కంటి అద్దాలు, దూరదర్శినులు అమ్మే బెంజమిన్ పైక్ అనే వ్యాపారి కట్టించిన ఇల్లది. అదీ 2014లో చేతులు మారింది.

ఫ్యాక్టరీలో పని మాత్రం పెద్దగా మారలేదు. మేపుల్ చెక్క పొరలు, పెద్ద గ్రాండ్‌కు పద్దెనిమిది, జిగురు రాసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అరడజను మంది భుజాలకెత్తుకుని తెచ్చి ఇనుప అచ్చు చుట్టూ వంచుతారు. జిగురు ఆరేలోపు బిగించేయాలి. తర్వాత ఆ చెక్క వారాల తరబడి విశ్రాంతి తీసుకోవాలి. పన్నెండువేల భాగాలు, దాదాపు ఏడాది శ్రమ... అప్పుడు ఒక పియానో. బిగించే చేతులు జర్మన్లవి కావు. రకరకాల దేశాల నుంచి వలస వచ్చినవాళ్లవి.

కంపెనీ కూడా ఆ కుటుంబం చేతిలో లేదు. 1972లో సీబీఎస్‌కు అమ్మేశారు. ఆపైన చేతులు మారుతూ 2013లో పాల్సన్ సంస్థకు దాదాపు 51 కోట్ల డాలర్లకు వెళ్లింది. స్టైన్‌వే ఇంటిపేరుతో కంపెనీని నడిపిన చివరి వ్యక్తి, హైన్రిష్ మునిమనవడు హెన్రీ జెడ్. స్టైన్‌వే 2008లో కన్నుమూశాడు.

అటు జర్మనీలో జేసెన్ మాత్రం తన వడ్రంగిని మరిచిపోలేదు. విలియం కానుకగా ఇచ్చిన ఉద్యానవనం అక్కడ స్టైన్‌వే పార్క్. హైన్రిష్ పుట్టిన వోల్ఫ్స్‌హాగెన్‌ను జేసెన్‌తో కలుపుతూ అడవి గుండా ఒక కాలిబాట కూడా ఉంది. దాని పేరూ స్టైన్‌వేనే.

ఇక ఆ లెక్క సంగతి. 1903లో లక్షో పియానో వైట్‌హౌస్‌కు వెళ్లింది. 1988లో ఐదు లక్షలు. 2015లో ఆరు లక్షలు దాటింది. యజమానులు మారారు, వీధుల పేర్లు మారాయి. నంబరు మాత్రం ఒకటికి మళ్లీ వెళ్లలేదు. ఆస్టోరియాలో ఈ వారం పూర్తయ్యే పియానో ఒంటి మీద వేసే అంకెలో, జేసెన్ వంటింట్లో జూలియానె పొయ్యి పక్కన తయారైన పియానో కూడా ఒకటిగా లెక్కలో ఉంటుంది.